బండ గోడల ఇంట్లో వీడియో బేరం

నేను కోయించిన బండల మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను, ఇందులో అబద్ధమన్నది ఒక్క ముక్క లేదు. ఉంటే ఆ బండే నా కాలి మీద పడుగాక.

మాది తాడిపత్రి. నాకూ మా చిన్నాయన కొడుక్కీ పడదు. ఇల్లు పంచుకునేటప్పుడు రాతిగోడల పాత భాగం కోసం పోట్లాడి గెలిచాను. వాడికి ఇటుక గోడల రేకుల వసారా మిగిలింది. "కోళ్ల గూడు" అని నవ్వాను కూడా. ఇద్దరిదీ నల్లబండలు కోసి పాలిష్ పట్టే పనే.

ఇళ్లలోకి వైర్‌లెస్ ఇంటర్నెట్ వచ్చిన కొత్తలో, బెంగుళూరు కాంట్రాక్టరు ఒకాయన మా ఇద్దరికీ ఫోన్ చేశాడు. తాను అంత దూరం రాలేడట. పెరట్లో ఉన్న బండలను కంప్యూటర్లో వీడియో కాల్ చేసి చూపిస్తే, ఎవరి బండ నచ్చితే వాళ్లకు ఆర్డరు ఇస్తాడట. అది రాకపోతే నేను కోత మిషను అమ్ముకోవలసిందే.

వైర్‌లెస్ పెట్టె ఫోన్ తీగ దగ్గర, ముందు గదిలో ఉంది. బండలు పెరట్లో ఉన్నాయి. మధ్యలో నేను పోట్లాడి తెచ్చుకున్న రాతిగోడ, మూరెడు మందాన. ల్యాప్‌టాప్ పట్టుకుని పెరట్లో అడుగుపెడితే చాలు, బొమ్మ గడ్డకట్టేది. పొద్దున మా కోడి కూసిన కూత ఆయనకు మధ్యాహ్నం భోజనాల వేళ వినిపించింది. రంగు తేలాలని బండ మీద నీళ్లు చల్లితే, ఇక్కడ ఆరిపోయాక గానీ అక్కడ తడి కనబడలేదు.

"ఏమప్పా, బండ చూపించమంటే మబ్బు చూపిస్తాండావే?" అన్నాడాయన.

"మా పక్క మబ్బులు యాడుండాయి సామీ!" అన్నాను. ఆయన నవ్వలేదు.

పెరటి గోడ మీదుగా మా చిన్నాయన కొడుకు తల లేచింది. "అన్నా, నీ మొగం ముక్కలు ముక్కలైందంట గదా! మా కోళ్ల గూట్లోంచి అద్దం మాదిరి కనపడతాండాదంట. వచ్చి చూస్తావా?"

"నీ గూట్లోకి వచ్చేదానికన్నా ఎర్రచీమల పుట్టలో కూర్చుంటా, పోరా!"

"కూర్చో. ఆ బొమ్మ గూడా ఆయప్పకు అందదులే."

అయితే ఏం? వాడి బొమ్మ మరీ స్పష్టంగా వెళ్లడంతో, వాడి బండలో వెంట్రుకంత బీట కాంట్రాక్టరు కంటబడింది. నా బొమ్మలో కొండ చీలినా కనబడదు. ఆర్డరు నాకే వచ్చింది.

ఒట్టు తగిలి కాలు సలుపుతోంది గనుక చెప్పేస్తాను. ఆ బీట నేను కల్పించింది. వాడి బండలో ఏ లోపమూ లేదు. ఆర్డరు వాడికే పోయింది. కోడి కూత మాత్రం నిజం. నా కోత మిషను కొన్నదీ వాడే. ఇప్పుడది గోడకు అవతల రోజంతా తిరుగుతోంది. సిగ్నలు దాటలేని ఆ రాతిగోడను దాని రొద మాత్రం ఎంచక్కా దాటి వస్తోంది.