మా అత్త చదివించిన ఇంగ్లీషు

లా కాలేజీ ప్రవేశ పరీక్ష కోసం నేను నేర్చుకున్న ఇంగ్లీషు మాటలన్నీ నా చేత అప్పజెప్పించుకున్నది మా మేనత్త. ఆమెకు ఇంగ్లీషు రాదు.

నగర్తపేటలో బట్టల కొట్ల వెనక సందులో మా ఇల్లు. అమ్మా నాన్నా పొద్దున పనికి పోతే చీకటి పడ్డాకే వచ్చేవాళ్లు. భర్త పోయినప్పటి నుంచి అత్త మాతోనే ఉండేది. కొట్లవాళ్లు పంపే పట్టుచీరల కొంగులకు కుచ్చులు కట్టేది. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా ఆమె బడిలో నేర్చింది కన్నడ అక్షరాలు. అందుకని ఇంగ్లీషు మాటలూ వాటి అర్థాలూ ఒక నోట్‌బుక్కులో కన్నడ లిపిలోనే రాసిచ్చాను. సాయంత్రం దాన్ని మోకాలి పక్కన తెరిచి పెట్టుకుని, దారాలు ముడివేస్తూ ఒక్కో మాటా అడిగేది. మధ్యలో ఆమె కబుర్లు. గ్రెగేరియస్ అంటే నలుగురితో కలిసిపోయే మనిషి అని నేను చెబితే, తన అత్తవారి వీధిలో అట్లాంటి ఒకామె ఉండేదని మొదలుపెట్టి పది నిమిషాలు చెప్పేది. నాకు విసుగు. ఆ మాట ఇవాళ్టికీ మరచిపోలేదంటే ఆ కథ వల్లే.

పరీక్షకు ఇరవై రోజులున్నాయనగా ఒక సాయంత్రం కోచింగ్ స్నేహితురాలు నగరం అవతలి కొసన ఉన్న హూడి నుంచి ఫోన్ చేసింది. మేం ఇంగ్లీషులోనే మాట్లాడుకునేవాళ్లం. అత్త పక్కనుంచి, ఆ పిల్ల తిన్నదా, వాళ్లది ఏ ఊరు, ఒకసారి ఇంటికి రమ్మను అంటూనే ఉంది. రెండుసార్లు చేత్తో ఆగమన్నాను. ఎవరా గొంతు అని స్నేహితురాలు అడిగింది. మా అత్త, కాస్త ఆబ్‌ట్యూస్ లే, ఎంత చెప్పినా ఎక్కదు అని ఇంగ్లీషులో అన్నాను. ముందురోజు నేర్చిన మాట వాడినందుకు ఆ పిల్ల నవ్వింది. నేనూ నవ్వాను.

అత్త మాట ఆగిపోయింది. తల ఎత్తలేదు. ఆ మాటను నా చేత అప్పజెప్పించుకున్నది ఆమేనని ఫోన్ పెట్టేశాక గాని నాకు తట్టలేదు. నోట్‌బుక్కులో నా చేతిరాతతోనే అర్థం ఉంది. మందబుద్ధి.

మర్నాడు సాయంత్రం మామూలుగానే నోట్‌బుక్కు తెరిచింది. కబుర్లు మాత్రం లేవు. వరసలో ఆ మాట దగ్గర పడుతుంటే దాటేస్తుందనుకున్నాను.

"ఆబ్‌ట్యూస్," అంది, మిగతావి అడిగినట్టే.

"గుర్తు లేదత్తా."

ఆమె ఒక్క క్షణం నా ముఖంలోకి చూసింది. "మందబుద్ధి అని ఉండాది. బాగ చూసుకోప్పా, పరీక్షలో వస్తే పోగొట్టుకుంటావు."

తప్పయిందని అప్పుడే అనాల్సింది. ఆ మాట తననే అన్నానని ఆమెకు తెలిసి ఉండదులే, అనవసరంగా నేనే చెప్పినట్టవుతుంది అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

నాకు సీటు వచ్చింది. నాన్న మైసూరుపాకు తెచ్చి సందంతా పంచాడు. కోచింగ్ మంచిదని అందరికీ చెబుతుంటే నేను తలూపాను. అత్త తన ముక్క తింటూ కూర్చుంది.

నా చదువు ముగిసే ఏడు ఆమెకు కంటి ఆపరేషన్ జరిగింది. ఆసుపత్రిలో, రెండు కళ్లకూ కట్టుతో పడుకున్న మనిషి పక్కన కూర్చుని, ఆ రోజు నేనన్న మాట గుర్తుందా అని అడిగాను. నా ముఖం ఆమెకు కనబడదన్న ధైర్యం తప్ప అందులో నా గొప్పేమీ లేదు.

"ఉండాది," అంది. "తెలుగులో అనుంటే నీతో కొట్లాడేదాన్ని. ఇంగ్లీషులో నేనెట్ల కొట్లాడేది, చెప్పు?"

తప్పయిందత్తా అన్నాను. ఆమె నా చెయ్యి తడుముకుని తట్టి, చుక్కల మందు వేళయింది, నర్సును పిలవమంది.

ఇప్పుడు నాతో బాగానే ఉంటుంది. కాని నాకు ఫోన్ వస్తే ఎవరని అడగదు, లేచి వంటింట్లోకి పోతుంది. మొన్న ఒకసారి ఫోన్ మోగి తను లేస్తుంటే చెయ్యి పట్టుకుని కూర్చోమన్నాను.

"మాట్లాడుకోండప్పా," అని మెల్లగా చెయ్యి విడిపించుకుంది.