అత్తగారి నీలం చీర, నా క్రీమ్ రంగు సీటు

కారు కొనేటప్పుడు సీట్లు నల్లవి తీసుకోమని ఇంట్లో అందరూ మొత్తుకున్నారు. మా ఆవిడయితే షోరూములోనే నిలబెట్టి, "రాజమండ్రి దుమ్ములో క్రీమ్ రంగేంటండీ, మీకేమైనా పిచ్చా?" అని అడిగింది. నేను వినలేదు. ఇరవై రెండేళ్లు స్కూటరు మీద కాలేజీకి తిరిగి లెక్కలు చెప్పినవాణ్ణి, మొదటిసారి కారు కొంటున్నాను, అదీ తోలు సీట్లది. నాకు నచ్చిన రంగు సీట్లో కూర్చునే యోగం కూడా లేదా? పైగా నాకు కోపం ముక్కు మీదుంటుంది. వద్దన్నకొద్దీ అదే కావాలనిపిస్తుంది. క్రీమే తీసుకున్నాను. అందరిలా ఏళ్ల తరబడి ప్లాస్టిక్ కవర్లు ఉంచుకుని వాటిమీద చెమటలు కక్కలేనని చెప్పి, వాటిని మొదటిరోజే పర్రుమని చింపేశాను.

కారొచ్చిన సందర్భంగా మా అత్తగారికి చీర పెట్టాం. ఆవిడ ఆత్రేయపురంలో మా బావమరిది దగ్గర ఉంటారు. ముదురు నీలం నేతచీర, కొట్లో కూర్చుని నేనే ఏరాను. బావమరిది చేత పంపించి, "శుక్రవారం కారేసుకుని వచ్చి మిమ్మల్ని మా ఇంటికి తీసుకొస్తానండి, ఈ చీరే కట్టుకుని సిద్ధంగా ఉండండి" అని ఫోనులో హుకుం కూడా జారీ చేశాను.

ముదురు రంగు నేతచీరని ముందు ఓసారి నీళ్లలో జాడించి ఆరేస్తే రంగు అంతగా దిగదని ఆవిడకి తెలియక కాదు. కానీ మా వైపు పెట్టిన బట్టని తడిపి కట్టుకోరు. అంచుకి ఓ మూల పసుపు రాసి, మడత విప్పింది విప్పినట్టే కట్టుకోవాలి. నీళ్లు తగిలాయంటే అది ఉతికిన బట్టే. పెట్టినవాళ్లకి మర్యాద చేసినట్టు కాదు. ఆవిడ మర్యాదే చూసుకున్నారు.

నేను వెళ్లేసరికి సన్నగా జల్లు పడుతోంది. ఆవిడ గేటు బయటే నిలబడి ఉన్నారు. అల్లుడుగారు వచ్చేసరికి వీధిలో ఎదురుగా లేకపోతే ఏం బాగుంటుందట. చేతిలో పూతరేకుల డబ్బా. దానికి కొంగు కప్పి తాను మాత్రం బాగా తడిశారు. ముందు సీట్లో కూర్చోమంటే ససేమిరా అన్నారు. అల్లుడి పక్కన కూర్చోవడమేంటని వెనక సీట్లో ఓ మూలకి సర్దుకున్నారు. దారి పొడుగునా కారు మెత్తగా ఉంది బాబూ అని మెచ్చుకుంటూనే ఉన్నారు. నేను పొంగిపోతూ తోలాను.

మర్నాడు పొద్దున్న గుడ్డ పట్టుకుని కారు తుడవబోతే, వెనక సీటు మీద పళ్లెమంత నీలం మచ్చ కనిపించింది. నా ప్రాణం ఉసూరుమంది. ఎవరినైనా అడగాల్సింది. కనీసం తడిగుడ్డతో నెమ్మదిగా తుడిచి చూడాల్సింది. నెమ్మది నా ఒంట్లో ఎక్కడుంది? కరోనా నాటి శానిటైజర్ సీసా ఒకటి అలమరలో సగం మిగిలి ఉంటే, గుడ్డ మీద ధారగా ఒంపి, పంతం పట్టి రుద్దాను. గుడ్డకి నీలం అంటింది. సంబరపడి ఇంకా రుద్దాను. కాసేపటికి గుడ్డకి క్రీమ్ రంగు అంటడం మొదలైంది. బుద్ధున్నవాడు అక్కడ ఆపుతాడు. నేను ఆపలేదు. చివరికి మచ్చ మధ్యలో అరచేయంత మేర తోలు పైపొర ఊడిపోయి గరుగ్గా, పాలిపోయి తేలింది. చుట్టూ నీలం అంచు మాత్రం అలాగే ఉంది.

సరిగ్గా అప్పుడే మా అత్తగారు కాఫీ గ్లాసుతో బయటికొచ్చారు. సీటు చూసి అక్కడే ఆగిపోయారు.

"నా చీరదేనా బాబూ?" అన్నారు.

చెప్పాలంటే అదే సమయం. నేనేం చేశాను? సీసాని కాలితో ముందు సీటు కిందకి తోసి, "పర్లేదండి అత్తయ్యగారూ, ఏముంది, సీటే కదా" అన్నాను. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. "మీరు ఒక్క మాట కూడా అనలేదు బాబూ" అన్నారు.

అక్కణ్ణుంచి నా పేరు మోగిపోయింది. బావమరిది ఫోన్ చేసి, "కొత్త కారు సీటు పాడైపోయినా పల్లెత్తు మాటనలేదట కదా బావగారూ. మీరేనా అనుకున్నామండి" అన్నాడు. తణుకు నుంచి మా ఆవిడ పిన్నిగారు కూడా ఫోన్ చేసి మెచ్చుకున్నారు. నిజం చెప్పొద్దూ, ఆ పేరు నాకు బాగానే ఉంది. పుట్టి బుద్ధెరిగాక నన్ను శాంతపరుడన్నవాళ్లు లేరు. మా ఆవిడకి మాత్రం కారు తలుపు తియ్యగానే శానిటైజర్ వాసన తగిలింది. "మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?" అంది. నేనే చెబుతాలే అన్నాను. చెప్పలేదు. మా అత్తగారు నాలుగురోజులుండి బస్సులో వెళ్లిపోయారు. కారులో దింపుతానన్నా వినలేదు.

ఆ వారమే సీట్ల పని చేసే ఆయన దగ్గరికి కారు తీసుకెళ్లాను. ఆయన వంగి చూసి, వేలితో తడిమి, "ఏం పెట్టి రుద్దారు సార్?" అన్నాడు. చెప్పాను. ఆయన చిన్న గిన్నెలో సబ్బు నురగ తీసి, మెత్తటి బ్రష్షుతో ఆ నీలం అంచు మీద గుండ్రంగా తిప్పి, పొడిగుడ్డతో అద్దాడు. మళ్లీ నురగ, మళ్లీ అద్దడం. మూడోసారికి నీలం లేదు. "చీర రంగు దిగిపోయేదేనండి. ఇక్కడ పోయింది మీ సీటు రంగు" అన్నాడు. పాలిపోయిన చోట ఏదో రంగు కలిపి వేశాడు. అది కాస్త పసుపుగా తేలి అతుకేసినట్టే ఉంది.

రెండు నెలలకి మా ఆవిడ పుట్టినరోజుకి అత్తగారిని తీసుకురావడానికి మళ్లీ ఆత్రేయపురం వెళ్లాను. మా అత్తగారు వెలిసిపోయిన తెల్ల చీర కట్టుకుని వచ్చారు. చంకలో పెద్ద తువ్వాలు. దాన్ని సీటు మీద నాలుగు పక్కలా సర్ది, ముగ్గురి సీట్లో నాలుగో మనిషిలా అంచున కూర్చున్నారు. అద్దంలోంచి చూస్తున్నాను. ఆవిడ వీపు సీటుకి ఆనలేదు.

"వెనక్కి ఆనుకోండి అత్తయ్యగారూ."

"పర్లేదు బాబూ, నాకిలాగే బాగుంటుంది."

బొబ్బర్లంక దాకా ఓర్చుకున్నాను. ఆ పైన నావల్ల కాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. రోడ్డు పక్కన కారాపి వెనక్కి తిరిగాను.

"అత్తయ్యగారూ, ఆ సీటు పాడుచేసింది మీ చీర కాదండి. నేను. చీర రంగు సబ్బు నురగకి పోయేదట. నేనే శానిటైజర్ పోసి రుద్ది తోలు ఊడగొట్టాను. మీరొచ్చేసరికి సీసా దాచేశాను."

తిడితే బాగుండుననిపించింది. ఆవిడ తిట్టే మనిషి కాదు. తువ్వాలు అంచు వేళ్లతో సర్దుకుంటూ, "అయితే ఆ చీర నేను కట్టుకోవచ్చా బాబూ?" అన్నారు.

ఆ చీర ఏమైందని ఈ రెండు నెలల్లో నేనొక్కసారి కూడా అడగలేదు. బీరువా అడుగున ఉందట. మూడుసార్లు ఉతికి చూశారట, ఇప్పుడు నీళ్లకి రంగు దిగడం లేదట. అయినా మళ్లీ ఎవరింట్లో ఏం పాడుచేస్తానోనని కట్టుకోలేదట. ఎవరికైనా ఇచ్చేద్దామంటే చేతులు రాలేదట, అల్లుడుగారు ఏరి పెట్టింది కదా అని.

కారు ఆత్రేయపురం వైపు తిప్పాను.

"ఇదేంటి బాబూ, ఎక్కడికి?"

"వెళ్లి ఆ చీర కట్టుకుని వద్దురుగాని."

"ఇప్పుడెందుకు బాబూ, అక్కడ అమ్మాయి భోజనానికి చూస్తుంటుంది" అంటూనే ఆవిడ కాస్త పక్కకి జరిగి తువ్వాలు మడతపెట్టడం మొదలుపెట్టారు.