అన్నయ్య ఊరుకుంటే

చొక్కా కొనుక్కోవాలన్నా అన్నయ్యనడిగే తమ్ముడాయన. తనకే అరవై దాటినా ఆ అలవాటు పోలేదు. వృద్ధుల సంరక్షణాలయంలో, మాట పడిపోయి మనుషుల్ని మరిచిపోయిన అన్నయ్యకు రోజూ పొద్దున్నే గడ్డం గీస్తాడు, తన బుగ్గ కూడా ఉబ్బిస్తూ. ఆ రోజు ఒక చెంప అయ్యేసరికి డాక్టరమ్మ వచ్చింది. "ఈయన ఇక మింగలేరు. ఆహారానికి ట్యూబు వేద్దామా? మీరే చెప్పాలి." తమ్ముడు అన్నయ్య చెవి దగ్గరికి వంగాడు. "వేయించమంటావా, అన్నయ్యా?" చాలాసేపు ఆగి, "వద్దంటున్నాడండీ" అన్నాడు.

"ఆయనేమీ అనలేదు కదండీ. మౌనం అర్ధాంగీకారం అంటారు" అందామె మెల్లగా.

"మా ఇంట్లో కాదండీ. చిన్నప్పటి నుంచీ అంతే, అన్నయ్య ఊరుకున్నాడంటే వద్దనే."

ఆమె వెళ్లాక రెండో చెంపకు నురగ పట్టించబోయి, మళ్లీ వంగాడు. "సరిగ్గానే చెప్పానా, అన్నయ్యా?"

అన్నయ్య ఊరుకున్నాడు.