సాయంత్రం పాడిన మేలుకొలుపు

విరుదునగర్‌లో మా పక్కింటివాళ్లు సాంబ్రాణి వేశారు. ఆ పొగ కిటికీలోంచి రాగానే కోవిల్‌పట్టి రంగమ్మత్త గుర్తొచ్చింది. ఆవిడ మాకు చుట్టం కాదు, అక్కడ మా అమ్మావాళ్ల ఇంటి పొరుగు. చదువు రాదు. నాగలాపురంలో వాళ్ల అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న పన్నెండు తెలుగు మేలుకొలుపులు మాత్రం ఆవిడ నోటికి వచ్చు. మేం చదువుకున్నది తమిళం; ఇళ్లలో తెలుగు మాట్లాడతామే గానీ రాసుకోం. ఆ పాటలు అత్తతోనే పోతాయేమోనని నాకు దిగులుగా ఉండేది. నేర్పమంటే, తలస్నానం చేసి సూర్యోదయానికి రమ్మనేది. విరుదునగర్‌లో ఉద్యోగం చేసే నాకు అది కుదిరేది కాదు.

అందుకే ఏడెనిమిది దేశాల వైష్ణవులు ఆన్‌లైన్‌లో కలిసే మహాసభకు ఆవిడ పేరిచ్చాను. ఎవరో ఒకరు రికార్డు చేసుకుంటారని ఆశ. తీరా ముందురోజు చూసుకుంటే, మాకిచ్చిన ఆరుగంటల వేళ ఉదయానిది కాదు, సాయంత్రానిది.

“దీపం పెట్టే వేళకి సామిని లేపుతారా పాపా? నేను పాడను,” అంది అత్త. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషి. ఒళ్లుమండి, “అయితే నీతోనే పోనీలే ఆ పాటలు!” అనేశాను. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

మర్నాడు సాయంత్రం, పాడకపోయినా అందరికీ దండం పెడతానని అమ్మావాళ్లింటికి వచ్చి, ఫోను ముందు నా పక్కన కూర్చుంది. సభ నడిపే పెద్దావిడది కెనడా పడమటి తీరం. ఆవిడ వెనక కిటికీలో ఆకాశం ఎర్రబడుతోంది.

“ఆడ ఇప్పుడే తెల్లారతా ఉందా?”

“ఆమా అత్తా, తెల్లారతా ఉంది.”

“వాళ్ల సామి లేచినాడా, అడుగు.”

అడిగాను. పూజగది తలుపు ఇంకా తీయలేదట. అత్త చటుక్కున లేచి పెరట్లోకి వెళ్లింది. నెత్తిన నీళ్లు పోసుకుని వచ్చేదాకా అన్ని దేశాలూ కాచుకున్నాయి. తడిజుట్టుతో కూర్చుని, కళ్లు మూసుకుని పాడింది. అక్కడ ఆ పెద్దావిడ పూజగది తలుపులు తెరిచింది. నాకు ఏడుపు ఆగలేదు.

పాట అవగానే, “ఆయమ్మ సామి లేచినాడు. మన సామికి దీపం పెట్టాల, జరుగు,” అంది.

ఆ తర్వాత నేను ఏ వేళకు వెళ్లినా, “ఇప్పుడు ఏ ఊళ్లో తెల్లారతా ఉందో చూడు,” అనేది. ఫోనులో వెతికి ఏదో ఒక ఊరి పేరు చెప్పేదాన్ని. ఆ ఊరివైపు దండం పెట్టి నేర్పేది. అలా పన్నెండూ నాకు వచ్చేశాయి. అత్త హాయిగా, నిద్రలోనే వెళ్లిపోయింది.

నిన్న మధ్యాహ్నం మా అమ్మాయి తనకూ ఒకటి నేర్పమంది. ఫోను తీసి చూశాను. లిస్బన్‌లో తెల్లవారుతోంది. తలస్నానం చేసి రమ్మన్నాను.