సొరకాయ గడ్డం

నాగలమడిక పక్కన ఒక ఊళ్లో గడ్డాలు గీసేది బొమ్మన్న, పురుళ్లు పోసేది ఆయన భార్య ఈరక్క. వానలు మొగం చాటేసిన ఒక ఏడు, ఎద్దులబండి మీంచి జారిపడి బొమ్మన్న కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. కట్టు కట్టిన నాటువైద్యుడు దీపావళి దాకా కత్తి ముట్టొద్దన్నాడు.

గడ్డాలు దీపావళి దాకా ఆగవు కదా. ఊరివాళ్లు ఒక్కొక్కరే బస్సెక్కి పావగడ సెలూన్లకు పోవడం మొదలుపెట్టారు. ఒకసారి తిరిగే కుర్చీ మరిగినవాడు మళ్లీ అరుగు మీద గొంతుక్కూర్చుంటాడా? ఏడాది చాకిరీకి రైతులు కళ్లంలో కొలిచిపోసే చెనక్కాయలే ఆ ఇంటికి ఆధారం. అందుకే కత్తి తానే పడతానంది ఈరక్క.

బొమ్మన్న కట్టు నొప్పి మరిచిపోయి నవ్వాడు. "నువ్వా?"

"నేనే. నవ్వింది చాలు గానీ, నేర్పు."

మొదటి పాఠం సొరకాయ మీద. స్నానాల నీళ్లు పారే చోట పాకిన సొరతీగకు లేత కాయలుండేవి, ఒంటినిండా నూగుతో. సబ్బు నురుగు పూసి, తొక్క తెగకుండా నూగు మాత్రమే తీయాలి. మొదటి కాయకు తొక్కే మిగల్లేదు.

"కొడవలి పట్టినట్టు పడితే ఎట్లే? పిడికిలి వదులు, వేళ్లతో పట్టు. కత్తిని వాల్చి లాగు. నిలబెడితే కోస్తాది."

పదునుకు తోలుపట్టీ మీద కత్తిని వెన్ను ముందు, అంచు వెనక పెట్టి రుద్దాలి. తొందరలో అంచు ముందుకు తోసి ఆమె పట్టీనే కోసేసింది. చెడిన కాయలన్నీ పులుసయ్యాయి. "గాయాలు చేసేది నువ్వు, మింగేది నేను," అని బొమ్మన్న గొణిగేవాడు.

చివరికి ఒక కాయ నున్నగా వచ్చింది. ఆయన దాన్ని చెంపకు ఆనించి చూసుకున్నాడు. "బాగుండాది. కానీ సొరకాయ మాట్లాడదు కదే. మనిషి మాట్లాడతాడు."

ఆ మాట్లాడే మనిషి హనుమంతరాయప్ప రూపంలో వచ్చాడు. భార్య కడుపుతో ఉన్నన్నాళ్లూ ఆనవాయితీ ప్రకారం అతను మొగాన కత్తి పెట్టించుకోలేదు. బిడ్డ పుట్టింది, ఆ రోజే పురుటి స్నానం. గడ్డం తీసి తలకు పోసుకున్నాకే బిడ్డను ఎత్తుకోవాలి. పొద్దుటి బస్సేమో రాలేదు.

వింత చూడ్డానికి ఎదురు అరుగు నిండిపోయింది. ఈరక్క కత్తెరతో గడ్డం కుదించి నురుగు పూసింది.

"నిదానమక్కా. నా బిడ్డకు నేనొక్కడే నాయన. ఈ మెడ కాడ నరముంటాదంట, ఆడ జాగ్రత్త..."

అన్నంతసేపూ దవడ ఆడుతూనే ఉంది. కత్తి జారి చిన్న ఎర్రబొట్టు పొడుచుకొచ్చింది.

"రాయప్పా, మధ్యాహ్నం ఇంకో బస్సుండాదప్పా!" అని ఎదురరుగు మీంచి కాటప్ప అరిచాడు.

రాయప్ప లేవబోయాడు. ఇతను లేస్తే ఇంకెవరూ కూర్చోరు. ఈరక్క వేళ్లు మళ్లీ కొడవలి పట్టుకు వచ్చేశాయి. ఏం చెయ్యాలో తోచక ఎడమచెయ్యి అతని భుజం మీద నొక్కిపెట్టింది. పురిటిగదిలో వాడే గొంతు తనంతట తానే బయటికొచ్చింది.

"కదలొద్దు. నోరు మూసి ముక్కుతో ఊపిరి తీసుకో. పట్టు... ఆ, ఇప్పుడు మెల్లిగా వదులు."

రాయప్ప చెప్పినట్టు చేశాడు. అతను ఊపిరి పట్టినప్పుడు ఆమె ఒక గీత లాగింది, వదిలినప్పుడు కత్తి తుడిచింది. ఈ లయ ఆమెకు పాతదే. వేళ్లు సడలాయి.

"అంతే నాయనా, అయిపోవచ్చింది. ఇంకొంచెం ఓర్చుకో."

ఆ గొంతు ఊళ్లో తల్లులందరికీ తెలుసు. అరుగు మీది ఆడవాళ్లకు నవ్వు ఆగలేదు.

"మగబిడ్డా ఆడబిడ్డా ఈరక్కా?" అనడిగింది హొన్నమ్మ.

ఈరక్క తడిగుడ్డతో మొగం తుడిచి, గడ్డం పట్టి వెలుగుకు తిప్పి చూసింది. "మగబిడ్డే. అచ్చం వాళ్ల నాయన పోలిక."

రాయప్ప చెంపలు తడుముకుంటూ బిడ్డ దగ్గరికి పరిగెత్తాడు. కాటప్ప కాసేపు బస్సు దారి వంక చూశాడు. తర్వాత గడ్డం గోక్కుంటూ వచ్చి ఆమె ముందు కూర్చున్నాడు.

"నాకు ఊపిరి పట్టేది రాదక్కా."

"మీ అమ్మకూ రాలేదప్పా," అంది ఈరక్క, వెన్ను ముందు పెట్టి కత్తిని పట్టీకి రుద్దుతూ. "అయినా నువ్వు పుట్టినావు కదా."