ఎర్ర గీత కింద వడగళ్లు

వీధిలో అందరూ ఆమెను వానక్క అంటారు. వాతావరణ కేంద్రంలో ఇరవై మూడేళ్లుగా పరిశీలకురాలు. పొద్దున్నే వానకొలత గొట్టంలో నీళ్లు చూడాలి, గాలి, తేమ, ఒత్తిడి పుస్తకంలో రాయాలి, పైగాలుల చలినీ తేమనీ కొలిచే బెలూన్ ఎగరేయాలి. ఆ తర్వాత ఊరికి సూచన రాసి ఆఫీసరుకి ఇస్తే, ఆయన సంతకం పెట్టి రేడియోకి పంపుతాడు.

మనిషి మంచిదే కానీ ముక్కు మీద కోపం. పక్కింటావిడ గోడ మీదుగా "అక్కా, ఇవాళ బట్టలు ఆరేయొచ్చా?" అని అడిగితే, "ఆరెయ్. రెండింటిలోపు తియ్యకపోతే మళ్లీ నా దగ్గరికి రాకు" అనేది. పక్కింటావిడ ఒకటిన్నరకే తీసేసేది.

రెండేళ్ల కిందట ఒకసారి ఆమె వడగళ్లు పడతాయని రాసింది. పడ్డాయి, కానీ ఊరవతల కొండల మీద. బజారులో షట్టర్లు దించుకుని కూర్చున్న దుకాణాలవాళ్లు ఆఫీసరుకి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టారు. అప్పటినుంచి ఆ మాట రాయాలంటే తన అనుమతి కావాలన్నాడాయన.

ఆ రోజు పొద్దున బెలూన్ పంపిన అంకెలు చూసి ఆమె రెండోసారి లెక్క వేసుకుంది. కింద ఉక్కపోత, తేమ. పైన మామూలుకన్నా ఎంతో చలి. పదకొండు గంటలకల్లా పడమట ఒక మబ్బు గోపురంలా లేచి, కళ్ల ముందే పెరుగుతోంది. సూచనలో "మధ్యాహ్నం ఊళ్లోనూ కొండదారిలోనూ వడగళ్లు" అని రాసి తీసుకెళ్లింది.

ఆఫీసరు ఎర్ర పెన్ను తీసి ఆ మాట కొట్టేశాడు. పైన "అక్కడక్కడా చిరుజల్లులు" అని రాశాడు.

"సార్, ఇది జల్లుల మబ్బు కాదు."

"ఏదైతేనేం అమ్మా, పడేది నీళ్లే కదా. జనాన్ని హడలగొట్టడం దేనికి?"

ఆమె బయటికొచ్చి నేరుగా బస్సు డిపోకి ఫోన్ చేసింది. లైను దొరికేసరికి ఆ సూచన రేడియోలో వచ్చేసింది. ఆమె భర్త కొండదారి బస్సు నడుపుతాడు. వడగళ్ల హెచ్చరిక ఉన్నరోజు ఆ బస్సును కొండ కింద స్టాపులోనే ఆపేయాలని డిపోలో రూలు. అవతల కంట్రోలరు, "రేడియోలో జల్లులే అన్నారు కదమ్మా. కాగితం వస్తేగానీ ఆపలేను. అయినా బండి బయల్దేరిపోయింది" అన్నాడు.

ఒకటీ నలభైకి మొదలైంది. రేకుల షెడ్డు మీద రాళ్లు కుమ్మరించినట్టు మోత. ఆఫీసు కిటికీలు రెండు పగిలాయి. ఆమె నెత్తిన ఇనుప గమేళా పెట్టుకుని పెరట్లోకి పరుగెత్తి, నిమ్మకాయంత గడ్డలు మూడు ఏరి ఫ్లాస్కులో వేసింది. పుస్తకంలో వేళ, సైజు రాసింది. రాస్తుండగానే డిపో నుంచి ఫోన్.

ఆసుపత్రిలో భర్త ఎడమకంటికి కట్టుతో పడుకున్నాడు. అద్దం పగిలి మీద కురిసినా, బండిని కొండవైపు గట్టుకి ఆనించి ఆపాడట. ఎక్కినవాళ్లలో ఒక్కరికీ గీత పడలేదు.

"మీ ఆఫీసరుగారి చిరుజల్లు కాస్త గట్టిగానే తగిలిందే" అన్నాడు నవ్వబోయి.

ఆమెకి నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. చెవులు వేడెక్కిపోయాయి, అంతే. ఇంటికెళ్లి ఫ్లాస్కులోని గడ్డల్ని ఫ్రీజరులో పెట్టింది.

మర్నాడు ఆఫీసరు ఆమెను లోపలికి పిలిచి తలుపు వేశాడు. గొంతు తగ్గించాడు.

"పైనుంచి రిపోర్టు అడుగుతున్నారు. నిన్నటి సూచన కాగితం కొత్తగా రాసివ్వండి. ముందే తెలుసుకునే వీలు లేదని రాస్తే ఇద్దరికీ మంచిది."

ఆమె ఇంటినుంచి మళ్లీ గడ్డలు వేసి తెచ్చిన ఫ్లాస్కు మూత తీసి, ఒక గడ్డను ఆయన ఫైలు మీదే పెట్టింది. బల్ల మీది కవర్లు కోసే కత్తితో దాని నెత్తిన నాలుగు దెబ్బలేసి రెండు చెక్కలు చేసింది. లోపల ఉల్లిపాయలా పొరలు పొరలుగా, ఒకటి తెల్లగా, ఒకటి గాజులా.

"చూడండి. పైన మంచుగా పుట్టి దారిలో కరిగితే వాన. కింద దాకా చలే ఉండి కరక్కపోతే మంచు. ఇది ఆ రెండూ కాదు. కింద పడబోతుంటే గాలి పైకి ఎగదోస్తుంది. అక్కడ గడ్డకట్టే చలిలో ఇంకా నీళ్లుగానే ఉన్న చినుకులు దీనికి తగిలి పొర కడతాయి. గాలి మొయ్యలేనంత బరువెక్కాక ఒక్కసారిగా దిగుతుంది. అంత గాలి లేస్తుందని నిన్న పొద్దున నా కాగితంలో ఉంది. తెలుసుకునే వీలు లేదా? మీకు చదివే ఓపిక లేదు!"

"అరవకండి."

"అరుస్తాను. మా ఆయన కంట్లోంచి అద్దం ముక్కలు తీస్తున్నంతసేపూ అరవకుండానే కూర్చున్నాను."

గడ్డ కరిగి ఫైలు తడిసింది. ఆయన తుడుచుకుంటుంటే ఆమె బయటికొచ్చి, ఎర్ర గీత ఉన్న అసలు కాగితాన్ని తన పుస్తకంలోంచి తీసి తన సంతకంతో పై ఆఫీసుకి పంపింది.

విచారణ రెండు నెలలు నడిచింది. ఆఫీసరుకి మందలింపు, బదిలీ. బదిలీ ఇంతకన్నా పెద్ద ఊరికి! అది విన్నరోజు ఆమె వంటింట్లో గిన్నెలన్నీ ఎత్తెత్తి పడేసింది. ఒక్కటి మాత్రం మారింది. ప్రమాద హెచ్చరికలకి ఇక ఆఫీసరు సంతకం అక్కర్లేదు. పరిశీలకురాలే నేరుగా రేడియోకీ డిపోకీ పంపొచ్చు.

భర్త ఎడమకంటికి చూపు మసకగానే మిగిలింది. స్టీరింగు వదిలి టిక్కెట్ల కిటికీలో కూర్చున్నాడు.

పక్కింటావిడ ఓదార్పుగా, "పోన్లే అక్కా, ఇప్పుడు నీ మాటకి విలువొచ్చింది" అంది.

"దానికి ఆయన కన్ను పోవాలా?" అని ఆమె కసిరేసరికి పక్కింటావిడ గోడ దిగిపోయింది.

ఆ సాయంత్రం భర్త, "ఇంక చాల్లేవే, కోపం తగ్గించుకో. బీపీ వస్తుంది" అన్నాడు.

"రానివ్వండి. ఇది తగ్గే కోపం కాదు" అని, ఆయన కంట్లో చుక్కల మందు వేసి, సైకిలు తీసుకుని రాత్రి డ్యూటీకి వెళ్లింది.