మాల్టంటే మాల్టే

అయిదో కిలో కూడా పోసేసి, పొడుగు గరిటెతో అడుగుదాకా కలిపాను. అప్పటిదాకా బుద్ధిగా కూనిరాగం తీస్తున్న మిషను ఒక్కసారి గుర్రుమంది, రెండు ఎక్కిళ్లు పెట్టింది, నోరు మూసుకుంది. ముందున్న చిన్న అద్దంలో అంకెలు మాయమై, ఏదో ఇంగ్లిషు అక్షరం మిణుకుమిణుకుమనడం మొదలుపెట్టింది. పక్కనే నిలబడ్డ షిప్పు మావ, ‘ఏటయిందమ్మా?’ అనడిగాడు. ఆ అక్షరానికి అర్థం నాకేం తెలుసు. అయినా తడుముకోకుండా, ‘ఏటీ కాదు మావా, ఆలోసిస్తంది’ అన్నాను.

అప్పట్లో నేను అలాగే ఉండేదాన్ని. తెలియదు అన్న మాట నోట్లోంచి వస్తే ఉద్యోగం ఊడిపోతుందని గట్టి నమ్మకం. పదో తరగతి రెండో దెబ్బకి గట్టెక్కి, శృంగవరపుకోటలో మిక్సీలు, గ్రైండర్లు అమ్మే షాపులో డెమో అమ్మాయిగా చేరాను. (డెమో అంటే కొన్నవాళ్ల ఇంటికెళ్లి, వాళ్ల పప్పు వాళ్ల గ్రైండర్లోనే రుబ్బి చూపించి, వాళ్లిచ్చిన టీ తాగి రావడం. అంతకన్నా మంచి ఉద్యోగం ఉందంటే నేను ఇప్పటికీ ఒప్పుకోను.) మూడు నెలలు చూసి ఉంచాలో వద్దో చెబుతానన్నారు షాపు బాబుగారు. అందుకని ఆయన ఏది చూపించినా ‘తెలుసండి’ అనేసేదాన్ని. ఆయన నోరు తెరవకముందే అన్న రోజులు కూడా ఉన్నాయి.

ఆ మూడో నెలలో వచ్చాడు షిప్పు మావ. నాకు చుట్టమేమీ కాదు, కొత్తవలసలో అందరికీ ఆయన షిప్పు మావే. సరుకు ఓడల మీద వంటవాడిగా ఊళ్లన్నీ తిరిగి, ఇల్లు చేరాక, ఎక్కడో చల్లని రేవులో తాగిన బీరు మీద బెంగ పెట్టుకున్నాడు. దాన్ని ఇంట్లోనే కాచే కరెంటు మిషను ఉంటుందని ఒక పుస్తకం తెచ్చి చూపించాడు. కింద నీళ్లు కాగుతాయట, లోపల జల్లెడ బుట్టలో గింజలుంటాయట, పంపు ఆ వేడినీళ్లను పైకి లాగి గింజల మీద పోస్తూనే ఉంటుందట. తీపంతా నీళ్లలోకి దిగాక బుట్ట ఎత్తేసి, అందులోనే మరగబెట్టి, చేదు కోసం హాప్స్ అనే ఎండుపువ్వులు వేసి, చల్లార్చి, ఈస్టు కలిపి పులియబెట్టాలి. అన్ని పనులూ ఒక్క గిన్నెలోనే. మావకి సెల్‌ఫోనుతో నడిచే పెద్ద మిషను మీద మనసు పడింది. మీ వీధిలో సిగ్నలుందా అనడిగాను. మేడెక్కితే ఉందన్నాడు. మిషను మేడెక్కదు కదా అన్నాను. అంత పెద్ద హీటరుని మీ ఇంటి వైరు మోయదని చెప్పి చిన్నది ఎంపిక చేశాను. గీజరుకి వేసినట్టు దానికి వేరే వైరు, లావు ప్లగ్గు పెట్టించాను. ఈ కథలో నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే, గుర్తుంచుకోండి.

బాబుగారు దాన్ని విశాఖపట్నం నుంచి తెప్పించారు. దాన్ని నడపడం తెలుసా అని అడిగితే ఏమన్నానో మళ్లీ చెప్పక్కర్లేదు. ఆయన నెమ్మదిగా, ‘మిషను ఎనక్కొచ్చిందంటే, నువ్వు కూడా ఇంటికెల్లిపోవడమే’ అన్నారు.

మిషనుతోపాటు వచ్చిన ఇంగ్లిషు కాగితంలో కూడబలుక్కుని చదివితే ఒక్క మాట మాత్రం నాకు చుట్టంలా కనిపించింది. మాల్ట్, అయిదు కిలోలు. మాల్టంటే ఏం మాల్టని మావ అడిగాడు. నవ్వొచ్చింది నాకు. మా ఇంట్లో చోళ్లు, అదే రాగులు, నానబెట్టి, మొలక కట్టి, ఆరబోసి, వేయించి, మర పట్టిస్తుంది అమ్మ. పొద్దున్నే గ్లాసెడు కాచి తాగితేగానీ మా నాన్న మడిలోకి దిగడు. ‘మాల్టంటే మాల్టే మావా, మా అమ్మ రోజూ కాస్తాది’ అని చెప్పి, డబ్బాలో ఉన్నదంతా సంచిలో వేసుకుని బస్సెక్కాను.

ఇక మిషను దగ్గరికి వద్దాం. ఆలోచిస్తోందన్నానా, ఆ ఆలోచన కాస్తా మాడు వాసన అయ్యింది. మూత తీస్తే లోపల బీరూ లేదు, నీళ్లూ లేవు. ఇరవై లీటర్ల చోడి అంబలి బుడగలు వేస్తోంది. పిండి జల్లెడలోంచి జారి, పంపులో ఇరుక్కుని, అడుగున హీటరుకి అంటుకుపోయింది. (బీరు మాల్టంటే పిండి కాదు, మొలకెత్తించిన బార్లీ గింజలని నాకు తరువాతెప్పుడో తెలిసింది.) మావ అందులోకి చూస్తూ ఉండిపోయాడు, ఓడ మునిగిపోతుంటే చూసినట్టు. అత్త, అంటే మావ పెళ్లాం, వచ్చి చూసింది. పాపం ఆవిడ ఈ బీరు సంగతి వీధికి తెలియకూడదని, వచ్చింది కొత్త గీజరని ఇంటింటికీ చెప్పుకుంది. ఇంతలో గోడ మీంచి పక్కింటి ముసలమ్మ తల పెట్టింది.

‘ఏటే, గీజర్లో అంబలి కాసినావేటి?’

అత్త ఒక్క క్షణం ఆలోచించింది. ‘అవును పిన్నీ, గలాసట్టుకుని రా’ అంది.

అంతే. పైపైన మాడని అంబలి తోడి, మజ్జిగ కలిపి, ఉల్లిపాయలు తరిగి వేసింది. అరగంటలో వీధి వీధంతా గ్లాసులతో వాకిట్లో ఉంది. సరిగ్గా అప్పుడే, మిషను ఫొటో తీసి షాపులో పెట్టుకుందామని బాబుగారు బండి దిగారు. ఆయనకి కనిపించిందేమిటంటే, పట్టపగలు, బీరు మిషను చుట్టూ ముసలమ్మలు, బాలింతలు, గుడి పూజారి, అందరి చేతుల్లోనూ గ్లాసులు, అందరి పెదాల మీదా నురుగు. ఆయన మొహంలో రక్తం లేదు. ముసలమ్మ ఆయన చేతిలోనూ ఒక గ్లాసు పెట్టింది. కళ్లు మూసుకుని ఒక గుక్క తాగి, కళ్లు తెరిచి, నా వైపు తిరిగి, ‘ఇది అంబలి’ అన్నారు.

మావ నాకు అడ్డం వచ్చాడు. ‘నానే పొయ్యమన్నాను బాబూ. గుంట తప్పేటీ నేదు’ అన్నాడు.

తప్పించుకోవచ్చు. కానీ అంత ఇష్టంగా తెప్పించుకున్న మిషను మాడిపోయినవాడు నాకోసం అబద్ధమాడుతుంటే చూస్తూ ఊరుకోలేకపోయాను. ‘కాదండి, నానే పోసినాను. మాల్టంటే ఏటో నాకు తెల్దండి’ అన్నాను. సాయంత్రంలోగా మిషను మళ్లీ తిరిగితే రేపు రమ్మనీ, తిరక్కపోతే రావద్దనీ చెప్పి ఆయన వెళ్లిపోయారు. (గ్లాసు మాత్రం ఖాళీ చేసే వెళ్లారు.)

ప్లగ్గు పీకి, అడుగున చింతపండు నానేసి, నేనూ అత్తా పీచుతో తోమాం. పంపు విప్పి, గొట్టంలో గట్టిపడ్డ పిండిని చీపురుపుల్లతో పొడిచి పొడిచి తీశాం. నా గోళ్ల కింద మాడు వారం రోజులుంది. పొద్దు వాలుతుండగా ఉత్త నీళ్లు పోసి స్విచ్చి వేసింది అత్త. మావ కళ్లు మూసుకున్నాడు. కాసేపు ఏమీ లేదు. తరువాత లోపలెక్కడో కూనిరాగం మొదలైంది. ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకుని, అది వింటూ కూర్చున్నాం.

ఆ రోజుల్లోని నన్ను నేను ఇప్పుడు తలుచుకుంటే, దగ్గరికి పిలిచి తల మీద ఒక మొట్టికాయ వేసి, ఆ తరువాత అదే చోట నిమరాలనిపిస్తుంది.

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకి వెళ్లి, షట్టరు పూర్తిగా లేవకముందే లోపలికి దూరాను. ఆ ఇంగ్లిషు కాగితం కౌంటరు మీద పరిచి, నాకర్థం కాని మాటల్లో మొదటిదాని మీద వేలు పెట్టి, ‘బాబూ, స్పార్జ్ అంటే ఏటండి?’ అనడిగాను. ఆయన కాగితం చూశారు. కళ్లద్దాలు పెట్టుకుని మళ్లీ చూశారు. రోడ్డు మీద ఎవరైనా వస్తున్నారేమోనని తొంగి చూసి, ఎవరూ లేరని తేల్చుకుని, గొంతు తగ్గించి, ‘నాకూ తెల్దమ్మా’ అన్నారు.

నేను స్టూలు లాక్కుని ఆయన పక్కనే కూర్చుని, కాగితాన్ని మొదటికి తిప్పాను.